దక్షిణాన దాటితే మాకు, ఉత్తరాన దాటితే వాళ్లకు

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని పేపర్లో వచ్చిన రోజు నా కొట్లో ఏమీ అమ్ముడుపోదు. అది వాయుగుండమైందంటే నైలాన్ తాడు కదులుతుంది. తీవ్ర వాయుగుండమని టీవీలో ఎర్ర అక్షరాలు పరుగెత్తడం మొదలైతే బరకాలు అడుగుతారు. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటి దానికొక పేరు కూడా పెట్టారా, ఇక టార్చిలైట్లు, బ్యాటరీలు, కొవ్వొత్తులు, నీళ్ల డ్రమ్ములు, తలుపు గడియలు, అడగని వస్తువంటూ ఉండదు. అది దాటి వెళ్లిపోయాక రేకులు, జె బోల్టులు, మేకులు, ఫ్యూజు తీగ. బందరులో, అంటే మచిలీపట్నంలో, మా నాన్నగారు పెట్టిన ఇనుప సామాను కొట్టు ఇది. కోనేరు సెంటరు నుంచి నడిచి రావచ్చు. వాతావరణ శాఖ బులెటిన్ ముందు నడుస్తుంది, నా బిల్లు పుస్తకం దాని వెనకే నడుస్తుంది.

మాకు ఏడాదికి రెండు తుపాను కాలాలు. ఎండల చివర ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకొకటి. మొదటిదాన్ని ఎవరూ పెద్దగా లెక్కచేయరు, వస్తే కాస్త చల్లబడుతుందని ఎదురుచూసేవాళ్లు కూడా ఉన్నారు. అసలు కాలం రెండోది. మంగినపూడిలో కార్తీక స్నానాలు, పొలాల్లో వరి కోతలు, సముద్రంలో వాయుగుండాలు, మూడూ ఒకే నెలలో పడతాయి. ఇది ఎవరు పెట్టిన ముహూర్తమో తెలియదు.

ఆ రోజుల్లో కొట్టు మెట్లెక్కిన ప్రతి మనిషీ ఒకటే ప్రశ్న. “బాబాయ్, ఎన్నో నంబరు ఎగరేశారు?” నేను తిరిగి అడిగేది కూడా ఒకటే. “నంబరు సంగతి సరే, ఏ పక్క దాటుతుందంటున్నారు?”

చాలామందికి ఇది విసుగు. కాని బందరులో పుట్టి పెరిగిన మనిషి తుపాను గురించి తెలుసుకోవలసింది ఏదైనా ఉందంటే అది ఇదేనని నా గట్టి నమ్మకం. గాలి వేగం తర్వాత, వాన ఎన్ని సెంటీమీటర్లన్నది తర్వాత, పేరు పెట్టింది ఏ దేశమన్నది మరీ తర్వాత. మనకు దక్షిణాన దాటుతుందా, ఉత్తరాన దాటుతుందా?

ముందు నంబర్ల సంగతి చెప్పనివ్వండి, ఎందుకంటే టీవీలు దీన్ని బాగా చెడగొట్టాయి. ఓడరేవుల్లో ఎగరవేసే హెచ్చరికలు 1 నుంచి 11 దాకా ఉన్నాయి. 1, 2 ఎక్కడో దూరాన సముద్రంలో గాలి చెడిందని ఓడలకు చెప్పేవి. 3, 4 రేవు దగ్గరే చెడవచ్చని. 5, 6, 7 ప్రమాద సూచికలు. 8, 9, 10 మహా ప్రమాద సూచికలు. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. తొమ్మిది ఎగరేస్తే ఎనిమిది కంటే ఒక మెట్టు ఎక్కువని, పది అంటే ఇంకో మెట్టు పైన అని యాంకరమ్మ గొంతు పెంచి చదువుతుంది. అది మెట్ల లెక్క కాదు. ఎనిమిది, తొమ్మిది, పది మూడింటికీ తీవ్రత ఒకటే, తేడా పక్కలో ఉంది. ఎనిమిది అంటే రేవు తుపానుకు ఎడమ వైపు పడుతుందని. తొమ్మిది అంటే కుడి వైపు పడుతుందని. పది అంటే రేవు మీదుగానో, దాని పక్కనుంచో పోతుందని. ఐదు, ఆరు, ఏడు కూడా ఇదే వరస. ఓడల వాళ్లకు గాలి ఎంత వస్తుందన్నదానితో పాటు ఎటు నుంచి వస్తుందన్నది కూడా ప్రాణం మీది సంగతి. పగలు గుర్తులు, రాత్రి దీపాలు స్తంభానికి ఎక్కించి చెప్పిన కబురులోనే పక్క ఏదో చెప్పేశారు. ఇప్పుడు అరచేతిలో ఉపగ్రహ చిత్రం పెట్టుకుని మనం దాన్ని మరచిపోయాం.

పక్క ఎందుకు ముఖ్యమో కొట్లో పిల్లలకు నేను చెప్పే పద్ధతి ఇది. తుపాను ఒక మనిషనుకోండి. సముద్రం వైపు నుంచి మన వాకిట్లోకి నడిచి వస్తున్నాడు, గడియారం ముల్లుకు ఎదురుగా గిర్రున తిరుగుతూ. ఆ తిరుగుడులో అతని కుడి చేయి నీళ్లను నేల మీదికి తోసుకొస్తుంది, ఎడమ చేయి నేల మీది గాలిని సముద్రంలోకి ఈడ్చుకుపోతుంది. మన తీరానికి వచ్చేవి చాలావరకు పడమర దిక్కుకో వాయవ్యానికో నడుస్తాయి గనక కుడి చేయి అంటే ఉత్తరం. బాపట్ల దగ్గరో నిజాంపట్నం దగ్గరో దాటితే బందరు, దివిసీమ ఆ కుడి చేతి కింద పడతాయి. నరసాపురం వైపో కాకినాడ వైపో దాటితే మాకు గాలి, వాన. సముద్రం మాత్రం వాళ్ల మీదికి లేస్తుంది.

కాబట్టి బందరు వాళ్లం లోలోపల కోరుకునేది ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఉత్తరానికి పోవాలనుకుంటాం. నరసాపురం వాళ్లు కాకినాడ పోవాలనుకుంటారు, కాకినాడ వాళ్లు విశాఖ, విశాఖ వాళ్లు ఒడిశా. గుళ్లో కొబ్బరికాయ కొట్టినా దిక్కు చూసుకుని కొడతాం. సిగ్గుపడవలసిన మాటే, అయినా అబద్ధం కాదు.

మాకు ఇంకొక చిక్కు ఉంది. బందరు సముద్రం లోతు లేని సముద్రం. మంగినపూడిలో ఎంత దూరం నడిచినా నడుము దాకా రాదని స్నానానికి వచ్చినవాళ్లు సంతోషిస్తారు. ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు, డచ్చివాళ్లు అంతకంటే కొంచెం ముందే వచ్చారు, తర్వాత ఫ్రెంచివాళ్లు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అని ముగ్గురి పేర్లూ ఇప్పటికీ మున్సిపాలిటీ పన్ను రసీదుల మీద తిరుగుతున్నాయి. అద్దకం బట్టల కోసం అంత దూరం నుంచి వచ్చిన వాళ్ల పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక మైళ్ల అవతల లంగరు వేసుకునేవి. బట్టల మూటలు పడవల్లో వేసుకుని ఓడ దగ్గరికి తీసుకెళ్లేవారు. వ్యాపారానికి అడ్డొచ్చిన ఆ లోతు లేని సముద్రమే ఉప్పెనకు దారి పరిచింది. గాలి తోసుకొచ్చిన నీరు లోతు ఉన్నచోట కిందికి సర్దుకుంటుంది. ఇక్కడ సర్దుకోవడానికి చోటు లేదు, పైకి లేవడం ఒక్కటే దారి.

1864లో అదే జరిగింది. ఈమధ్య ఒక రాత్రి కరెంటు లేక, నిద్ర పట్టక అమావాస్యలు వెనక్కి లెక్కగట్టుకుంటూ పోయాను. ఆ ఏడాది అక్టోబరు 30 ఆదివారం అమావాస్య. అంటే దీపావళి. ఉప్పెన వచ్చింది నవంబరు 1 మంగళవారం రాత్రి. అమావాస్య పోటు ఇంకా తగ్గకముందే తుపాను వచ్చి పడిందన్న మాట. పోటు సమయంలో సముద్రం ఉండే మట్టం మీద మరో 13 అడుగులు నీరు లేచిందని ఆనాటి లెక్క. పోయినవాళ్లు ముప్పై వేల మంది అన్నారు. దివ్వెలు కడిగి ఇంకా అటక మీద పెట్టి ఉండరు. తుపాను సరిగ్గా ఎక్కడ దాటిందో చెప్పే రాడార్లు అప్పుడు లేవు కాని, నీరు అంత ఎత్తున ఊళ్లోకి వచ్చిందంటే మేము కుడి చేతి కిందే పడి ఉంటాం.

బందరు కోట చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఒకటి తమాషాగా తోస్తుంది. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషువాళ్ల కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల దగ్గర నుంచి ఆ కోటను రాత్రికి రాత్రి పట్టుకున్నాడు, ఒక దండును బురదలోంచి నడిపించి మరీ. చుట్టూ చిత్తడి ఉంది గనక ఎవరూ రాలేరని ఫ్రెంచివాళ్ల ధీమా. ఆ చిత్తడే తమకు కూడా కాపలా అని తర్వాత ఇంగ్లీషువాళ్లు నూరేళ్లకు పైగా అక్కడే దండు పెట్టుకుని కూర్చున్నారు. 1864 ఉప్పెన తర్వాత దండును ఎత్తేశారు. ఫిరంగి చేయలేని పని నీళ్లు ఒక రాత్రిలో చేసిపెట్టాయి. ఆదివారం కొట్టు మూసి అటు వెళ్తే మొండి గోడలు, తుమ్మ చెట్లు, మేకలు. ఊళ్లో డచ్చి సమాధుల మీద చెక్కిన వంశ చిహ్నాలు మాత్రం ఇంకా ఉన్నాయి, రాయి గట్టిది.

అదే ఏడాది అక్టోబరులో కలకత్తాను ఇంకొక తుపాను ముంచింది. నెల తిరగకుండా రెండు రేవులు. ఆ మీద కరువులు కూడా వచ్చాక 1875లో వాతావరణ శాఖను పెట్టారు. రోజూ మనం తిట్టుకునే ఆ బులెటిన్ పుట్టుకలో తూర్పు తీరపు శవాలకు కూడా వాటా ఉంది.

ఇక 1977. అప్పుడు నేను రెండో తరగతి. బందరులో పైకప్పులు లేచిపోవడం, నాన్నగారు కొట్టు తలుపులకు అడ్డంగా ఇనుప పట్టీలు బిగించడం, తర్వాత చాలా రోజులు లాంతర్ల వెలుగులో అన్నం తినడం, ఇవే గుర్తు. అసలు కథ మా పెద్దమావయ్యది. అమ్మ పుట్టిల్లు కోడూరు దగ్గర, సముద్రానికి మరీ దూరం కాదు. వారం ముందే నాగపట్నం దగ్గర ఒక తుపాను దాటింది. ఇది కూడా అటే పోతుందని మా వాళ్లు అనుకున్నారట. అది నవంబరు 19, శనివారం, చీరాల నిజాంపట్నం ప్రాంతంలో దాటింది. మాకు దక్షిణాన. దివిసీమ మొత్తం కుడి చేతి కింద.

మావయ్యకు రాడారు తెలియదు, నంబర్లు తెలియవు. ఆయన చెప్పేది గాలి కథ. పొద్దున ఈశాన్యం నుంచి వీచింది. గడ్డివాము మీది గడ్డి నైరుతి పక్కకు పడుతుంటే చూశాడట. మధ్యాహ్నానికి గాలి తూర్పుకు తిరిగింది. తిరిగిన సంగతి కూడా గడ్డే చెప్పింది, ఈసారి పడమటి గోడకు అతుక్కుపోయింది. సాయంత్రానికి ఆగ్నేయానికి మళ్లుతోంది. అంతలో వాకిట్లోకి నీళ్లు వచ్చాయి. కాలువ గట్టు తెగిందనుకున్నారు. గట్టు తెగిన నీళ్లు వాళ్లకు కొత్త కాదు గనక బియ్యం, పత్తి మూట అటక మీదికి ఎక్కిస్తున్నారు. నీళ్లు ఛాతీ దాకా వచ్చి ఒక గుక్క నోట్లోకి పోయాక తెలిసింది, ఉప్పగా ఉన్నాయి. కాలువ కాదు, సముద్రం. అప్పుడు మూట వదిలేసి పెరట్లో తాడిచెట్టుకు పంచెతో తనను కట్టుకున్నాడు. ఆ ఇంట్లో మిగిలింది ఆయన, దూలం పట్టుకుని తేలిన మా అత్తయ్య. మిగతావాళ్ల గురించి ఆయన ఎప్పుడూ వరసగా చెప్పలేదు. నేనూ అడగలేదు.

సర్కారు లెక్క పదివేలకు దగ్గర. దివిలో ఎవరిని అడిగినా ఆ లెక్కను ఒప్పుకోరు. దివి నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు ఆ ఊళ్లను మళ్లీ నిలబెట్టడానికి పడ్డ పాట్లు, ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లో తిరిగి విరాళాలు పోగుచేయడం, ఇవన్నీ అందరికీ తెలిసినవే. నాకు తెలిసింది ఇంకొకటి. ఆ తర్వాత మావయ్య ఏటా కార్తీకం మొదట్లో బందరు వచ్చి మా కొట్లో మందపాటి తాడు కొనుక్కుని పోయేవాడు. కిందటి ఏడాది తాడు ఏమైంది మావయ్యా అంటే, “ఉంది, అది పాతది” అనేవాడు. నాన్నగారు డబ్బులు వద్దంటే కోపం వచ్చేది. “తాడు ఊరికే తీసుకోకూడదురా” అని బల్ల మీద పెట్టి వెళ్లేవాడు.

గాలి తిరుగుడు గురించి ఆయన చెప్పింది సూత్రంగా చెప్పుకోవచ్చు. ఈశాన్యం, తూర్పు, ఆగ్నేయం అని గడియారం ముల్లు నడిచినట్టు గాలి తిరుగుతోందంటే తుపాను మీకు దక్షిణాన పోతోంది, కుడి చేతి కింద ఉన్నారు. ఈశాన్యం, ఉత్తరం, వాయవ్యం, పడమర అని వెనక్కి తిరుగుతోందంటే ఎడమ చేతి కింద ఉన్నారు. ఫోనులో చార్జింగు అయిపోయినా, టవరు పడిపోయినా వాకిట్లో ఒక గుడ్డపీలిక కట్టి చూసుకోవచ్చు. అయితే గాలి తూర్పుకు తిరిగేదాకా ఇంట్లో కూర్చుంటే అప్పటికే ఆలస్యం. వెళ్లమన్నప్పుడు వెళ్లాలి. మావయ్య మాటే చెబుతాను. “తూర్పు గాలి వచ్చాక బియ్యం ఎత్తకు, పిల్లల్ని ఎత్తు.”

1990 మే 9న వచ్చింది కూడా దక్షిణపుదే, కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగా దాటింది. ఎండాకాలపు తుపానును లెక్కచేయరన్నాను కదా, దీన్ని మాత్రం చేయవలసి వచ్చింది. నాకు అప్పటికి ఇరవై ఏళ్లు, కొట్లో పూర్తిగా కూర్చుంటున్నాను. 1977 తర్వాత కట్టిన షెల్టర్లు అప్పుడు పనికొచ్చాయి. ఆటోలో మైకు పెట్టి, మాట విననివాళ్లను చేయి పట్టుకుని లారీలెక్కించారు. లక్షకు పైగా జనాన్ని తరలించారు. చనిపోయినవాళ్లు దాదాపు వెయ్యి. వెయ్యి ప్రాణాలంటే తక్కువని ఎవరంటారు? కాని అదే నేల, అదే పక్క, పదమూడేళ్ల కిందటి లెక్కతో పోల్చి చూస్తే షెల్టరు అనే నాలుగు స్తంభాల సిమెంటు కట్టడం మీద నాకు గుడి మీద ఉన్నంత గౌరవం ఉంది. ఇప్పుడు కొన్నిటిలో ధాన్యం బస్తాలు పెడుతున్నారు, కొన్నిటి మెట్లు విరిగాయి. మెట్లు విరిగిన షెల్టరు మీద నాకు వచ్చే కోపం ఇంకే సర్కారు పని మీదా రాదు.

2013 నవంబరు గమ్మత్తు నెల. 22న హెలెన్ మాకు పక్కనే, దక్షిణంగా దాటింది. రేకులన్నీ అమ్ముడైపోయాయి. వారం తిరగకుండా లెహర్ అని ఇంకొకటి, అండమాన్ వైపు నుంచి చాలా పెద్దదిగా వస్తోందన్నారు. ఊరంతా హడలిపోయింది, నా దగ్గర తాడు అయిపోయి విజయవాడ నుంచి తెప్పించాను. తీరా అది సముద్రంలోనే నీరసించి, 28న వాయుగుండమై బందరు దగ్గర నేలకెక్కింది. మామూలు వాన. ఆ రోజు వాతావరణ శాఖను వెక్కిరించినవాళ్లు మా వీధిలో చాలామంది. నాకు మాత్రం ఆ తాడు మోసుకుపోయినవాళ్ల మీద నవ్వు రాలేదు. నా తాడు అమ్ముడైందని కాదు సుమా.

ఇక్కడ కొంచెం నా వృత్తి మాట. తుపానుకు రేకులు ఎగిరిపోతాయంటే గాలి కిందనుంచి తోసిందనే అందరూ అనుకుంటారు. అది సగం నిజం. గాలి ఇంటి కప్పు మీదుగా వేగంగా పోతున్నప్పుడు పైనుంచి పీలుస్తుంది కూడా. ఆ పీల్పు ఎక్కువగా ఉండేది చూరు దగ్గర, కొప్పు దగ్గర, మూలల్లో. మన మేస్త్రీలు మాత్రం కప్పు నిండా బోల్టులు ఒకే ఎడంలో వేస్తారు, ఖర్చు కలిసి వస్తుందని చివర్లలో ఒకటి రెండు తగ్గిస్తారు కూడా. తగ్గించవలసింది మధ్యలో, పెంచవలసింది అంచుల్లో. రెండో సంగతి. జె బోల్టుకు రంధ్రం రేకు గుబ్బ మీద పెట్టాలి, గాడిలో పెట్టకూడదు, గాడిలో నీరు పారుతుంది. బోల్టు కింద తారు వాషరు, దాని మీద ఇనుప వాషరు, ఆ మీద నట్టు. సిమెంటు రేకు అయితే స్పానరుతో బలం చూపించకండి. వాషరు రేకుకు ఆనుకుని ఒక పిసరు బిగిస్తే చాలు, ఇంకా తిప్పితే వాషరు చుట్టూ సన్నటి గీత పడుతుంది. ఆ గీత ఈరోజు కనబడదు. గాలి వచ్చిన రాత్రి రేకు సరిగ్గా అక్కడే విరుగుతుంది, బోల్టు మాత్రం దూలానికి భద్రంగా ఉంటుంది. ఇసుక బస్తాలు పెడితే చాలదా అని అడుగుతారు. పెట్టండి, కాని రెండు బస్తాలు కలిపి తాడు కట్టి కొప్పుకు అటూ ఇటూ వేలాడేలా వేయండి. ఒంటి బస్తా జారి కింద ఉన్నవాడి నెత్తిన పడుతుంది.

బరకాల బేరం వేరే. అది రైతుల బేరం. పక్కలతో వరికి పని లేదు. దక్షిణాన దాటినా, ఉత్తరాన దాటినా వాన పడితే పన తడుస్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర దాటింది. మాకు దక్షిణానే, కాని దివిసీమను ముంచేంత నీరు లేవలేదు. దక్షిణం అనగానే 1977 అని కాదు, తుపాను బలమూ కలవాలి, పోటు వేళా కలవాలి. సముద్రం వదిలేసినా వాన వదల్లేదు. కోసి పరిచిన వరి పొలంలోనే నానింది. తడిసిన పనల మీద 5 శాతం ఉప్పునీళ్లు చల్లితే గింజ మొలకెత్తకుండా ఆగుతుందని వ్యవసాయ శాఖ వాళ్లు చెబుతారు, లీటరుకు 50 గ్రాములు. దాంతో పక్క కిరాణా కొట్లో రాతి ఉప్పు అయిపోయింది, నా దగ్గర చేతి స్ప్రేయర్లు అయిపోయాయి. మొలక ఆగినా తేమ ఆగదు. 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. రోడ్డు మీద సగం వెడల్పున ధాన్యం ఆరబోసుకుని, దాని పక్కన మంచం వేసుకుని రైతు రాత్రంతా కాపలా. లారీవాడు హారను కొడతాడు, ఈయన చీపురు పట్టుకుని లేస్తాడు. పెడనలో అద్దకం పనివాళ్లదీ అదే అవస్థ. ఉడికించిన బట్ట కాలువలో జాడించి ఎండలో ఆరేస్తేనే రంగు నిలుస్తుంది. ముసురు పట్టినన్నాళ్లూ కూలి లేదు. వాళ్లకు జరిగే నష్టానికి గాలి వేగం ఉండదు గనక టీవీలో రాదు.

2025 అక్టోబరు 28న మొంథా తుపాను. మా అబ్బాయి ఫోనులో గీత చూపిస్తూ కూర్చున్నాడు. ఒక గంట బందరు పక్కన, ఒక గంట కాకినాడ. నేను సాయంత్రం కొట్టు ముందు పందిరికి కట్టిన పాత బరకం చెంగు చూస్తున్నాను. గాలి ఉత్తరం నుంచి వస్తోంది. గిలకలదిండి నుంచి వచ్చిన ఇద్దరు పడవల వాళ్లు, బోట్లన్నీ లోపలికి తెచ్చి కట్టేశాం, ఇంకో చుట్ట తాడు ఇవ్వు అన్నారు. అందులో పెద్దాయన కూడా నేను చూస్తున్నదే చూసి, “ఉత్తరమే, మనకు కాదు” అన్నాడు. ఎనిమిదింటికి కరెంటు పోయింది. చీకట్లో చెంగు కనబడక వీధిలోకి వెళ్లి నిలబడ్డాను, చెవి వెనక చల్లగా తగిలే గాలిని బట్టి వాయవ్యానికి తిరుగుతోందని అర్థమైంది. అర్ధరాత్రి దాటుతుండగా నరసాపురం దగ్గర నేల మీదికి వచ్చిందని వార్త. మా వీధిలో రెండు కొబ్బరిచెట్లు, ఒక స్తంభం పడ్డాయి. కోనసీమలో ఉన్న మా చెల్లెలికి తెల్లవారేదాకా ఫోను కలవలేదు. కలిశాక మొదటి మాటగా, “మీకు బాగానే ఉందిగా, మీరు మొక్కుకున్నారు కదరా అన్నయ్యా, మా వైపు పోవాలని” అంది. నవ్వుతూనే అంది. ఇంటి మీది రేకులు ఆరు పోయాయట. చూరు వైపువే. ఆ ఇంటికి బోల్టులు బిగించింది నేను కాదు, వాళ్ల ఊరి మేస్త్రి.

రెండు రోజులకు వాన తెరిపిచ్చింది. కొట్టు తెరవగానే మొదటి బేరం కాదు, వాపసు. శారదానగర్ వైపు కుర్రాడు, తాడు చుట్ట, బరకం రెండూ పట్టుకొచ్చాడు.

“బాబాయ్, మన వైపు రాలేదుగా. వెనక్కి తీసుకో.”

“తాడు విప్పావుగా.”

“విప్పాను, కట్టలేదు.”

“బరకం?”

“మడత కూడా విప్పలేదు. చూసుకో.”

“నవంబరు, డిసెంబరు ఇంకా ఉన్నాయి. ఉంచుకో. అప్పుడు వచ్చి మళ్లీ కొంటే ధర నా ఇష్టం.”

కాసేపు బరకం వైపు, కాసేపు ఆకాశం వైపు చూశాడు. బయట ఎండ బాగా కాస్తోంది. రెండూ చంకలో పెట్టుకుని మెట్లు దిగి, సైకిలు స్టాండు తీసి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

“అయితే చూరు వైపుకు ఒక డజను జె బోల్టులు ఇవ్వు. తారు వాషర్లతో.”

ఇచ్చాను. నెలాఖరులో ఇస్తానన్నాడు.